ఏసీ నుంచి నీరు కారితే దోషం గ్యాసుది కాకపోవచ్చు

భీమవరం: ఒకప్పుడు సినిమాహాళ్లకు, పెద్ద ఆఫీసులకు పరిమితమనుకున్న ఏసీ యంత్రాలు ఇప్పుడు డెల్టా గ్రామాల్లోని డాబాలకే గాక పెంకుటిళ్లకు కూడా వచ్చాయి. వాటితోపాటే కొత్త తలనొప్పి ఒకటి వచ్చింది. రోహిణి కార్తెలో చక్కగా పనిచేసిన యంత్రం తొలకరి పడేసరికి గోడ వెంట నీరు కార్చడం మొదలుపెడుతుంది. సున్నం ఉబ్బి రాలుతుంది, కింద మంచం ఉంటే పరుపు తడుస్తుంది. చాలా ఇళ్లలో ప్లగ్గు పాయింటు యంత్రానికి దగ్గరలోనే ఉంటుంది. కారే నీరు అందులోకి దిగితే సున్నంతో పోయేది కాదు, ప్రాణం మీదికే వస్తుంది.

మెకానిక్కును పిలిస్తే తరచుగా వినిపించే మాట "గ్యాసు అయిపోయింది" అన్నదే. వేలల్లో బిల్లు కట్టి గ్యాసు పట్టించుకున్న వారం రోజులకు మళ్లీ అదే గోడ, అదే ధార. అందరు మెకానిక్కులూ అలాంటివారని కాదు. కాని నీరు కారడానికి ఉండే కారణాల్లో గ్యాసు తగ్గడం ఒకటి మాత్రమే. మిగిలినవి చాలావరకు ఇంటివారు స్వయంగా కనిపెట్టగలిగినవే.

ఆ నీరు ఎక్కడిది?

ఏసీలో నీరు పోసేదెవరూ లేరు. ఆ నీరు గదిలోని గాలిదే. ఐసు నీళ్లు పోసిన స్టీలు గ్లాసుకు బయట చెమట పట్టడం అందరూ చూసిందే. మట్టికుండ ఊరడం వేరు, అది లోపలి నీరు బయటికి రావడం. స్టీలు గ్లాసు మీద నిలిచేది గాలిలోని తేమ. ఏసీ లోపల గ్యాసు తిరిగే చల్లని రాగి గొట్టాలు, వాటిని అంటిపెట్టుకుని పల్చని అల్యూమినియం రేకులు ఉంటాయి. గాలి వాటిని తాకినప్పుడు తేమ నీటి బొట్లుగా మారి కిందనున్న పళ్లెంలో పడుతుంది. అక్కడి నుంచి ప్లాస్టిక్ గొట్టం గుండా ఇంటి బయటికి పోవాలి.

అసలు ఈ యంత్రం పుట్టిందే తేమను తీయడానికి. 1902లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో ఒక అచ్చుయంత్రశాలలో గాలి చెమ్మకు కాగితం సాగి, రంగులు ఒకదానిపై ఒకటి సరిగా కూర్చోకపోతే, విల్లిస్ కారియర్ అనే యువ ఇంజనీరు దానికి విరుగుడుగా రూపొందించిన ఏర్పాటే నేటి ఏసీలకు మూలం. కనుక నీరు రావడం రోగం కాదు. అది రావలసిన చోట రాకపోవడమే రోగం. సముద్రం దగ్గర, చుట్టూ చెరువులు, కాలువలు ఉన్న మన ప్రాంతంలో గాలికి చెమ్మ ఎక్కువ. ఉక్కపోత రోజున ఒకటిన్నర టన్నుల యంత్రం గంటకు లీటరుకు పైగా నీరు తీసినా ఆశ్చర్యం లేదు. రాత్రంతా నడిస్తే బిందె నిండుతుంది. అంత నీరూ బొటనవేలంత గొట్టంలోంచి, ఏ మోటారూ లేకుండా, కేవలం వాలు మీదనే పోవాలి.

గొట్టం కథ

అందుచేత మొదట అనుమానించవలసింది గొట్టాన్నే. ఏసీ నడుస్తున్నప్పుడు ఇంటి బయటికి వెళ్లి గొట్టం చివర చూడాలి. గది చల్లబడుతోంది, ఉక్కగా ఉంది, అయినా బయట చుక్క పడడం లేదంటే దారి పూడినట్టే. గాలిలోని దుమ్ము తడి రేకుల మీద పడి, పళ్లెంలోకి జారి, జిగురు పాచిగా మారుతుంది. వేసవి అంతా ఫిల్టరు కడగని ఇళ్లలో ఇది సర్వసాధారణం. పల్లెల్లో మరో శత్రువు మట్టిగూడు కట్టే కందిరీగ. వాడకం లేని శీతకాలంలో గొట్టం మూతి దానికి కట్టించి ఇచ్చిన ఇల్లే. బల్లులు దూరి చచ్చిపోవడమూ ఉంది. మూతికి పల్చని వల కడితే ఈ బాధ తప్పుతుంది గాని, ఆ వలకే చెత్త పట్టకుండా అప్పుడప్పుడు దులపాలి.

పూడిక తీసేముందు మెయిన్ స్విచ్చి కట్టేయాలి. రిమోటుతో ఆపితే చాలదు. బయటి మూతి వద్ద పుల్లతో మట్టి తీసి, తడి పీల్చే వాక్యూమ్ యంత్రం దొరికితే బయటి నుంచే లాగించడం మేలు. సైకిలు పంపుతో లోపలికి గాలి కొట్టేవారున్నారు. గట్టిగా కొడితే పాచి అంతా పళ్లెంలోకి ఎగదన్ని గోడను ఇంకా పాడుచేస్తుంది, లోపలి అతుకు ఊడినా ఊడుతుంది. ఇక బాత్‌రూమ్ కడిగే ఆసిడ్ పోయడం మాత్రం శుద్ధ తప్పు. అల్యూమినియం రేకులనూ, రాగినీ అది తినేస్తుంది. పాచి పోయిందో లేదో చూడడానికి, కరెంటు ఆపే ఉంచి, ఫిల్టర్లు తీసి, కనిపించే రేకుల మీద ఒక గ్లాసెడు నీళ్లు నెమ్మదిగా పోయాలి. ఎక్కువ యంత్రాల్లో కరెంటు సరంజామా కుడివైపు ఉంటుంది గనుక ఎడమవైపు పోయడం క్షేమం. కాసేపటికి బయట ధార కనిపించాలి.

గొట్టం శుభ్రంగా ఉన్నా నీరు దిగకపోతే వాలు చూడాలి. మీటరుకు ఒక సెంటీమీటరైనా పల్లం ఉండాలి. ఎక్కడా ఎత్తు ఎక్కకూడదు, మధ్యలో ఊయలలా జారి మడుగు కట్టకూడదు. చేలో బోదె తవ్వే రైతుకు ఇది చెప్పనక్కరలేదు. కొందరు గొట్టం చివరను బకెట్టు అడుగుదాకా ముంచి పెడతారు. బకెట్టు నిండేకొద్దీ చివర నీట మునిగి, లోపలి గాలికి దారి లేక ధార ఆగిపోతుంది. చివర ఎప్పుడూ నీటికి జానెడు పైన ఉండాలి. దానిని మరుగుదొడ్డి గొట్టంలో నేరుగా కలపడం అంతకన్నా చెడ్డది, కంపు తిన్నగా పడకగదిలోకి వస్తుంది.

గోడ మీద యంత్రం ఒరిగి ఉన్నా ఇదే బాధ. గొట్టం ఉన్న వైపుకు అది ఒక్క వెంట్రుక దిగి ఉండవచ్చు గాని ఎగిసి ఉండకూడదు. మేస్త్రీ వాడే రసమట్టం పైన పెట్టి చూస్తే తేలిపోతుంది. గోడకు వేసిన రంధ్రం లోపలికి వాలి ఉంటే వానపడ్డప్పుడు వాననీరే లోపలికి వస్తుంది. ఏసీ ఆపి ఉన్నా వానకే గోడ తడుస్తోందంటే యంత్రాన్ని తిట్టి లాభం లేదు, రంధ్రం చుట్టూ పూత పెట్టించాలి.

మంచు కడితే

ఇక గ్యాసు సంగతి. రేకులు మంచు కట్టి, ఏసీ ఆపాక ఆ మంచు కరిగి ఒక్కసారిగా నీరు దుమికితే అది వేరే జబ్బు. ఆ మంచుకు గ్యాసు తగ్గడం ఒక కారణం, ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోయి గాలి ఆడకపోవడం మరో కారణం. రెండోది ఉచితంగా నయమవుతుంది. ఫిల్టరు కడిగి, నీడన ఆరబెట్టి, మంచు పూర్తిగా కరిగాక మళ్లీ నడిపి చూడాలి. అప్పటికీ మంచు కడుతూ గది చల్లబడకపోతే మెకానిక్కును పిలవవచ్చు. అయితే గ్యాసు పెట్రోలులా ఖర్చయిపోయేది కాదు. మూసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో చిల్లి ఉన్నట్టు. చిల్లి చూపించి, అతికి, ఆ తరువాత నింపమని అడిగే హక్కు డబ్బిచ్చేవారికి ఉంది. ఇప్పటి యంత్రాల్లో అనేకంటిలో వాడే ఆర్-32 గ్యాసు కొంతమేరకు మండే గుణం కలది. నింపేటప్పుడు కిటికీలు తెరవాలి, దగ్గర బీడీ, అగ్గిపుల్ల ఉండకూడదు.

రాగి గొట్టాలకు చుట్టిన నల్లని స్పాంజి తొడుగు చిరిగినా గొట్టానికి చెమట పట్టి బొట్లు పడతాయి. ఎలుకలు కొరకడం, ఎండకు పొడి కావడం ఇందుకు కారణాలు. కొత్త తొడుగు వేస్తే సరి. గాలితోపాటు తుంపర్లు ఎగిరి మొహాన పడుతుంటే లోపలి ఫ్యాను చక్రానికీ రేకులకూ మడ్డి పట్టిందని అర్థం, దానికి పూర్తి సర్వీసింగే మార్గం. తలుపులు తెరిచి పెట్టి 16 డిగ్రీలకు దించి నడిపేవారి ఇంట్లో యంత్రం మూతికే చెమట పడుతుంది. తలుపు వేసి, 24కో 25కో పెంచితే తగ్గుతుంది.

కిటికీ ఏసీలున్నవారు వెనుకవైపు కొద్దిగా వాలేలా బిగించుకోవాలి. వాటిలో కొన్నింటి వెనుక ఫ్యాను, అడుగున నిలిచిన నీటిని వేడి గొట్టాలపైకి చిమ్మేలా తయారై ఉంటుంది. జల్లు కొట్టినట్టు వచ్చే చప్పుడు దానిదే. అది విని అడుగున మేకుతో చిల్లి పొడిచే పని పెట్టుకోవద్దు.

కొత్తగా బిగించుకునేవారు కూలి చేతిలో పెట్టకముందే గ్లాసు నీళ్ల పరీక్ష చేయించుకుంటే సగం తగాదాలు ఉండవు. పక్కింటి గోడ మీదికి గొట్టం వదిలి పెద్దమనుషుల దాకా వెళ్లే తగాదాలు వేరే. నాలుగు మీటర్ల గొట్టం ఖర్చుతో పోయేదానికి అంత రభస అనవసరం. బకెట్టులో పట్టేవారు దానిని వారంపాటు కదల్చకుండా వదిలేస్తే డెంగ్యూ దోమ పిల్లలు పెడుతుంది. రోజూ ఒంపి మొక్కలకు పోసుకోవచ్చు, గచ్చు తుడుచుకోవచ్చు. తాగడానికి మాత్రం పనికిరాదు. తేటగా ఉందని ఇన్వర్టరు బ్యాటరీలో పోసేవారూ ఉన్నారు. రేకుల మీది దుమ్ము, లోహపు అంశ అందులో ఉంటాయి గనుక బ్యాటరీకి కొట్లో అమ్మే డిస్టిల్డ్ వాటరే వాడాలి.