జనప్రియ సంస్కృతి – ఇంజనీరింగ్ బోధన: ‘బాహుబలి’ తాటిచెట్టు ఒక ఉదాహరణ

ఉపోద్ఘాతం:

1981లో స్థాపితమైన ఎం.వి.ఎస్.ఆర్. ఇంజనీరింగ్ కళాశాల హైదరాబాదు శివారు నాదర్‌గుల్‌లో ఉంది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్‌ల మీదుగా ఇటువంటి కళాశాలలకు చేరే మొదటి సంవత్సరం విద్యార్థులు ఇంటర్మీడియట్‌లో ఎన్నో లెక్కలు సాధించి వస్తారు. అయితే ఆ లెక్కలకు కావలసిన విలువలన్నీ ప్రశ్నలోనే ఉంటాయి. ఇంజనీరుకు వృత్తిలో ఎదురయ్యే సమస్యలో అవి ఉండవు; తానే ఊహించుకోవాలి, ఆ ఊహను సమర్థించుకోవాలి. ఈ అభ్యాసానికి జనప్రియ సినిమా ఎలా తోడ్పడుతుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

సన్నివేశం – సమస్య:

ఎస్.ఎస్. రాజమౌళి దర్శకత్వంలో 2017లో విడుదలైన ‘బాహుబలి 2’ పతాక ఘట్టంలో, వంచిన తాటిచెట్ల సాయంతో సైనికులు డాళ్లను చుట్టూ పేర్చుకొని మాహిష్మతి కోటలోకి ఎగిరి దూకుతారు. గోడ ఎత్తెంతో తెర చెప్పదు. విద్యార్థులు 20 మీటర్లుగా భావించారనుకుందాం. గాలి నిరోధాన్ని, అడ్డంగా సాగే చలనాన్ని విస్మరిస్తే, అంత ఎత్తుకు చేరడానికి సెకనుకు దాదాపు 20 మీటర్ల తొలివేగం కావాలి. చెట్టు 5 మీటర్ల మేర తోస్తూ ఆ వేగాన్ని ఇస్తే, త్వరణం గురుత్వ త్వరణానికి సుమారు 4 రెట్లు. మనిషి దీనిని తట్టుకోగలడు. కానీ అదే వేగంతో నేలను తాకి అర మీటరులో ఆగితే అది 40 రెట్లవుతుంది. అంటే అసలు చిక్కు ఎగరడంలో లేదు, దిగడంలో ఉంది.

నవ్వు దగ్గర ఆగని పాఠం:

“సినిమాలో ఇవన్నీ మామూలే” అని నవ్వి వదిలేస్తే ఈ తేడా బయటపడదు. మిన్నెసోటా విశ్వవిద్యాలయ ఆచార్యుడు జేమ్స్ కకాలియోస్ చిత్రకథల ద్వారా భౌతికశాస్త్రం బోధించి, 2005లో ‘ది ఫిజిక్స్ ఆఫ్ సూపర్‌హీరోస్’ గ్రంథం వెలువరించారు. 1973 నాటి స్పైడర్‌మ్యాన్ కథలో వంతెన మీదనుంచి పడుతున్న గ్వెన్ స్టేసీ మరణానికి ఆకస్మికంగా ఆగడమే కారణమని ఆయన విశ్లేషణ. తాటిచెట్టు లెక్క చెప్పేదీ అదే సూత్రం.

ముగింపు:

సినిమా పాఠానికి అలంకారంగా మిగిలితే ఉత్సాహమే తప్ప ఫలితం ఉండదు. అధ్యాపకుడు జవాబుకంటే ముందు “20 మీటర్లే ఎందుకు?” అని అడగాలి. మార్కులూ ఆ కారణానికే ఇవ్వాలి. రేపు వంతెన మీద భారాన్ని అంచనా వేయవలసింది ఈ విద్యార్థులే.