నల్లరేగడి ఎందుకు పగులుతుంది? బెజవాడ నుంచి దివిసీమ దాకా మన కాళ్ల కింద ఉన్న మట్టి

ఈ ఎపిసోడ్‌లో మట్టి గురించి మాట్లాడుకుందాం. "మట్టి గురించి ఏముంటుంది" అని స్క్రోల్ చేసేయకండి, ఇది డబ్బుతో ముడిపడ్డ విషయం. కంకిపాడు దగ్గరో, ఉయ్యూరు వైపో ఇంట్లో వాళ్లు ఒక స్థలం చూసొస్తారు. రేటు ఎంత, రోడ్డు ఎన్ని అడుగులు, అప్రూవల్ ఉందా, ఇవన్నీ అడుగుతారు. తాతయ్య మాత్రం ఒకటే అడుగుతాడు: "నేల ఏంట్రా? రేగడా?" మిగతావాళ్లు ఆ మాట పట్టించుకోరు. నాలుగేళ్లకి కిటికీ మూల నుంచి గోడ మీద ఏటవాలుగా ఒక పగులు వస్తుంది, అప్పుడు మేస్త్రీని తిడతారు. మేస్త్రీ తప్పు ఉంటే ఉండొచ్చు. కానీ ముందు కింద ఏముందో తెలియాలి కదా.

నల్లరేగడిని మీరు చూసే ఉంటారు. ఏప్రిల్‌లో పొలంలోకి వెళ్తే నేల నెర్రెలిచ్చి ఉంటుంది. చెయ్యి పెడితే మోచేతి దాకా దిగిపోయేంత పగుళ్లు. గడ్డని పగలగొట్టాలంటే గడ్డపలుగు కావాలి. అదే నేల మీద వానాకాలంలో పది అడుగులు వేయండి, ఒక్కో చెప్పు అరకిలో బరువెక్కుతుంది. ఎండితే రాయి, తడిస్తే జిగురు. ఒకే మట్టి ఇలా రెండు రకాలుగా ఎందుకు ఉంటుంది అన్నదే అసలు ప్రశ్న.

సమాధానం కంటికి కనిపించనంత చిన్నది. మట్టిలో మూడు సైజుల రేణువులు ఉంటాయి: ఇసుక, ఒండ్రు, బంకమన్ను. బంకమన్ను రేణువు 2 మైక్రాన్ల కంటే చిన్నది, అంటే మన తలవెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండదు. నల్లరేగడిలో ఉండే బంకమన్నులో ఎక్కువ భాగం మాంట్‌మోరిల్లనైట్ జాతి ఖనిజం. పేరు నోరు తిరగదు, ఫ్రాన్స్‌లో ఒక ఊరి పేరు మీద పెట్టారు లెండి. దాన్ని ఒక పుస్తకం అనుకోండి. పేజీల మధ్య పట్టు చాలా బలహీనంగా ఉంటుంది. నీళ్లు తగిలితే పేజీల మధ్యకి దూరి పుస్తకాన్ని ఉబ్బిస్తాయి. ఎండ కాస్తే నీళ్లు బయటికి పోయి పుస్తకం ముడుచుకుంటుంది. ఈ ఖనిజం ఒక్క గ్రాము తీసుకుని పేజీలన్నీ విప్పి పరిస్తే 600 నుంచి 800 చదరపు మీటర్లు వస్తుంది. ఒక్క గ్రాము! అంత ఉపరితలం ఉంది కాబట్టే నీళ్లనీ, పోషకాల్నీ అంతగా పట్టుకుంటుంది.

ఎర్ర నేలల్లో ఎక్కువగా ఉండేది కేయోలినైట్. అందులో పేజీలు గట్టిగా అతుక్కుని ఉంటాయి, నీళ్లు మధ్యలోకి పోలేవు. అందుకే నూజివీడు వైపు మామిడి తోటల ఎర్ర నేలలో ఇలాంటి నెర్రెలు కనిపించవు.

ఇంకో ముచ్చట. వేసవిలో పగుళ్లలోకి పైమట్టి రాలి పడుతుంది. వానకి కింద ఉన్న మట్టి, రాలి పడ్డ మట్టి కలిసి ఉబ్బుతాయి. చోటు సరిపోక ఒకదాన్నొకటి నెట్టుకుంటూ పైకి తోస్తాయి. ఇలా ఏళ్ల తరబడి పైది కిందికి, కిందిది పైకి తిరుగుతూ ఉంటుంది. శాస్త్రవేత్తలు ఈ రకం నేలలకి పెట్టిన పేరు వర్టిసాల్స్, లాటిన్‌లో తిరగేయడం అనే మాట నుంచి వచ్చింది. తనని తాను దున్నుకునే నేల అన్నమాట. సూడాన్‌లో, ఆస్ట్రేలియాలో, టెక్సస్‌లో కూడా ఇవి ఉన్నాయి. టెక్సస్‌లో ఉంటున్న మన వాళ్లని అడగండి, అక్కడ ఫౌండేషన్ రిపేర్ ఒక పెద్ద వ్యాపారం.

నలుపు చూసి "బాగా సారం ఉంది, సేంద్రియ పదార్థం బోలెడు ఉంది" అనుకుంటారు చాలామంది. అది నిజం కాదు. మన నల్ల నేలల్లో సేంద్రియ కర్బనం చాలా చోట్ల ఒక శాతం కూడా ఉండదు. ఉన్న ఆ కొంచెం ఈ బంకమన్నుకి గట్టిగా అంటుకుని అంత నలుపు ఇస్తుంది.

సరే, ఈ మట్టి ఇక్కడికి ఎలా వచ్చింది? దుర్గమ్మ కొండ రాయి అరిగి వచ్చిందా? కాదు. ఇంద్రకీలాద్రి తూర్పు కనుమల రాయి, ఆ రాయి అరిగితే ఎర్రమట్టి వస్తుంది. డెల్టా మట్టికి పుట్టిల్లు చాలావరకు మహారాష్ట్ర, ఉత్తర కర్ణాటక. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట అక్కడ లావా పొరలు పొరలుగా పారి గడ్డకట్టింది. అదే బసాల్ట్, దక్కన్ నల్లరాయి. ఆ రాయి అరిగితే వచ్చేదే ఈ ఉబ్బే బంకమన్ను. మహాబలేశ్వర్ దగ్గర పుట్టిన కృష్ణ ఆ నేలల మీదుగా దాదాపు 1,400 కిలోమీటర్లు ప్రయాణం చేస్తూ ఆ బురదని మోసుకొచ్చింది. దారిలో తుంగభద్ర లాంటి ఉపనదులు వేరే రాళ్ల మట్టి కూడా కలిపాయి. బెజవాడ దగ్గర ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకీ మధ్య సందులోంచి నది బయటపడుతుంది. ప్రకాశం బ్యారేజీ కట్టింది సరిగ్గా ఆ సందులోనే, 1957లో. దానికి ముందు 1855లో పూర్తయిన పాత ఆనకట్ట ఉన్నదీ అక్కడే. కొండల పట్టు వదిలాక నదికి అడ్డు లేదు, వాలు లేదు. వేగం తగ్గింది, మోసుకొచ్చింది దించేసింది. అదే డెల్టా.

ఇక్కడ కొంచెం ఆగుదాం, ఎందుకంటే "డెల్టా అంటే అంతా నల్లమట్టే" అని చాలామంది అనుకుంటారు. కాదు. వరద వచ్చి గట్టు దాటినప్పుడు నీటి వేగం ఒక్కసారిగా తగ్గుతుంది. బరువైన ఇసుక, ఒండ్రు ముందు పడిపోతాయి. అందుకే నది ఒడ్డున, లంకల్లో నేల తేలిక. పసుపు, అరటి, కంద, కూరగాయలు అక్కడ బాగా పండుతాయి. సన్నని బంకమన్ను నీళ్లతో పాటు ఇంకా దూరం పోయి, పల్లంలో నిలిచిన నీళ్లలో నిదానంగా అడుగుకి చేరుతుంది. కాబట్టి నదికి దూరంగా, పల్లంగా ఉన్న చోటే అసలు సిసలు నల్లరేగడి. వరి రాజ్యం అది. పైగా నది వేల ఏళ్లలో దారి మార్చుకుంటూ వచ్చింది. పాత పాయ పూడిన చోట నల్ల నేల మధ్యలో ఇసుక పట్టీ ఉంటుంది. అందుకే పక్క స్థలంలో బోరు నీళ్లు బాగుండి మీ దాంట్లో బాగుండకపోవచ్చు, పక్కింటికి పగుళ్లు లేక మీ ఇంటికి రావచ్చు.

సముద్రం వైపు వెళ్తే మళ్లీ మారుతుంది. ఒకప్పటి తీరరేఖలు ఇసుక దిబ్బల వరసలుగా లోపలికి కూడా కనిపిస్తాయి. బాపట్ల వైపు ఇసుక నేలల్లో దొరువులు తవ్వుతారు, తెలుసు కదా. ఉప్పునీటి మీద పలచగా తేలే మంచినీటిని పైపైన తోడుకునే గుంటలు అవి. లోతుగా బోరు వేస్తే ఉప్పు వస్తుంది. ఇక నాగాయలంక, కోడూరు, కృత్తివెన్ను వైపు నల్లమట్టికి ఉప్పు తోడవుతుంది. 1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడ్డ ఉప్పెన వేల మంది ప్రాణాలు తీసింది. పొలాల మీద సముద్రపు నీటినీ పరిచింది.

ఉప్పు నేలల్లో రెండు రకాలున్నాయి, రైతులు వాటికి చక్కటి పేర్లు పెట్టారు. తెల్లగా పొర కట్టేది పాల చౌడు. ఇందులో కరిగే ఉప్పు ఎక్కువ. మంచినీళ్లు నిలగట్టి, కరిగిన ఉప్పుని మురుగు కాలవలోకి దించేస్తే బాగుపడుతుంది. పీహెచ్ 8.5 దాటి, సోడియం మట్టి రేణువులకే అంటుకుపోయినది కారు చౌడు. దాన్ని ఉత్త నీళ్లతో కడిగితే లాభం లేదు. జిప్సం వేసి సోడియాన్ని కాల్షియంతో తోసేయాలి, ఆ తర్వాతే కడగాలి. జీలుగ లాంటి పచ్చిరొట్ట వేసి కలియదున్నడం కూడా మేలు చేస్తుంది. రెండింటికీ "చౌడు" అని ఒకే మందు వేస్తే డబ్బు దండగ. శివారు భూముల్లో కాలవ నీళ్లు ఆలస్యమైతే గోల ఎందుకు మొదలవుతుందో ఇప్పుడు అర్థమవుతుంది. ఆ మంచినీళ్లు పంటకి తడి ఇవ్వడమే కాదు, కింద ఉన్న ఉప్పుని కిందే ఉంచుతాయి.

పొలంలో ఈ నేల గొప్పతనం చూడాలంటే డిసెంబరులో డెల్టాకి రండి. వరి కోతకి రెండు మూడు రోజుల ముందు, చేను నిలబడి ఉండగానే మినుములు చల్లేస్తారు. దుక్కి లేదు, నీటి తడి లేదు. వరి వదిలిన తేమని ఆ బంకమన్ను పట్టుకుని ఉంటుంది, ఆ తేమతోనూ రాత్రి మంచుతోనూ 75, 80 రోజుల్లో పంట వచ్చేస్తుంది. మన ఇడ్లీ పిండి వెనకాల ఇంత కథ ఉంది. అయితే ఇప్పుడు కోత మెషిన్లు వచ్చాయి. తడి రేగడి మీద మెషిన్ తిరిగితే మొలకలు నలిగిపోతాయి, నేల బిగుసుకుపోతుంది. చాలామంది కోత అయ్యాక విత్తుకోవాల్సి వస్తోంది, అప్పటికి తేమ తగ్గుతుంది.

ఇక ఇంటి సంగతి. పొలంలో వరమైన గుణమే పునాది కింద శాపం. ఇల్లు కట్టాక మధ్యలో నేలకి ఎండ తగలదు, తేమ అలాగే ఉంటుంది. చుట్టూ అంచుల్లో మాత్రం వేసవికి ఎండి కుంగుతుంది, వానకి ఉబ్బుతుంది. ఇల్లు ఏటా కాస్త వంగి లేస్తున్నట్టు అన్నమాట. పగులు వేసవిలో పెద్దదై వానాకాలంలో మూసుకుంటుంటే, లేదా దానికి ఉల్టాగా జరుగుతుంటే, మట్టి మీద అనుమానం పెట్టుకోండి. ఫోన్‌తో నెలకో ఫోటో తీయండి, పక్కన స్కేలు పెట్టి. ఇంజనీరుకి అది చాలా పనికొస్తుంది.

కట్టకముందే తెలుసుకునే పరీక్ష ఉంది, ఖర్చు పెద్దగా ఉండదు. జల్లించిన పొడి మట్టి పది గ్రాములు నీళ్లలో, ఇంకో పది గ్రాములు కిరోసిన్‌లో వేసి ఒక రోజు ఉంచుతారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. అక్కడ 10 మిల్లీలీటర్లు ఉండి, నీళ్లలో 20 అయితే ఉబ్బు 100 శాతం. 50 లోపు పెద్ద భయం లేదు. 100 దాటితే మామూలు పునాది వేయకూడదు. అలాంటి చోట ఏం చేయాలో రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఎప్పుడో చెప్పింది. మూడున్నర మీటర్ల కింద తేమ పెద్దగా మారదు కాబట్టి, అంతవరకు పైల్ దించి, దాని కింది భాగాన్ని గంటలాగా వెడల్పు చేస్తారు. అండర్‌రీమ్డ్ పైల్ అంటారు. పైన బీముకీ నేలకీ మధ్య కాస్త ఖాళీ వదులుతారు, నేల ఉబ్బినా ఇంటిని తాకకుండా. చిన్న ఇంటికి మరో పద్ధతి, నల్లమట్టి కొంత తీసేసి ఉబ్బని గ్రావెల్ మట్టి వేసి దిమ్మిస కొట్టడం. ఇసుక నింపేస్తే సరిపోతుందని కొందరు అంటారు. నాకైతే అది నచ్చదు. చుట్టూ నీరు ఇంకని బంకమన్ను, మధ్యలో ఇసుక అంటే తొట్టి కట్టినట్టే, వాన నీళ్లన్నీ అందులోకే చేరతాయి. గోడకి ఆనించి పెద్ద చెట్టు, లీకయ్యే పైపు, ఈ రెండూ కూడా వద్దు.

నీరు ఇంకదు అన్నాను కదా. 2024 సెప్టెంబరులో సింగ్ నగర్ మునగడానికి కారణం బుడమేరుకి పడ్డ గండ్లే, మట్టి కాదు. కానీ నెర్రెలు మూసుకున్నాక ఈ నేలలోకి నీళ్లు దిగడం చాలా చాలా నెమ్మది. వచ్చిన నీళ్లు పక్కకి పోవాలి తప్ప కిందికి పోవు. మురుగు కాలవలు ఆక్రమిస్తే డెల్టాలో ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఆ గుణం చూసే కైకలూరు, ముదినేపల్లి వైపు చేపల చెరువులు అంతగా వచ్చాయి. గట్టు వేస్తే చాలు, నీళ్లు నిలుస్తాయి. రైతుకి వరి కంటే ఆదాయం ఎక్కువ కాబట్టి తప్పు పట్టలేం. కానీ తీరం దగ్గర ఉప్పునీటి రొయ్యల చెరువు వేస్తే పక్క పొలంలోకి ఉప్పు ఊరుతుంది. నష్టం చెరువు వేసినవాడికి కాదు, పక్కవాడికి. ఇంకో సంగతి, నాగార్జునసాగర్, శ్రీశైలం లాంటి డ్యాముల వెనక ఒండ్రు ఆగిపోతోంది. డెల్టాకి కొత్త మట్టి రావడం బాగా తగ్గిపోయింది. ఇటుకలకో, మెరకకో తవ్వి అమ్మిన పైమట్టి మళ్లీ వరదతో వస్తుందని లెక్కేసుకోకండి.

పొలం ఉన్నవాళ్లు మట్టి పరీక్షకి ఇచ్చేటప్పుడు ఇలా చేయండి. గట్ల పక్కన, చెట్ల కింద, ఎరువు కుప్పల దగ్గర తీయకండి. ఎకరంలో ఎనిమిది, పది చోట్ల ఇంగ్లీష్ వీ ఆకారంలో 15 సెంటీమీటర్లు తవ్వి, పక్క నుంచి పలచగా చెక్కండి. అన్నీ కలిపి నీడలో ఆరబెట్టి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురువి రెండు తీసేస్తూ అరకిలో మిగిలేదాకా తగ్గించండి. చౌడు అనుమానం ఉంటే వేసవిలోనే తీయండి, అప్పుడు ఉప్పు పైకి వచ్చి ఉంటుంది. సంచిలో రైతు పేరు, సర్వే నంబరు రాసిన చీటీ వేయడం మర్చిపోకండి, పేరు లేని మట్టికి ల్యాబ్‌లో ఎవరూ రిపోర్టు ఇవ్వలేరు.