రెయిన్ జాకెట్ ట్యాగ్ మీద అంకెలు, మన ఊరి వాన

రెయిన్ జాకెట్ కొనడానికి వెళ్తే ట్యాగ్ మీద రెండు అంకెలు కనిపిస్తాయి. ఒకటి మిల్లీమీటర్లలో, ఇంకోటి గ్రాముల్లో. "టెన్ థౌజండ్, టెన్ థౌజండ్ సార్" అంటాడు సేల్స్ అబ్బాయి. మనం అర్థమైనట్టు తలూపుతాం. ఆ అంకెలు ఏం చెప్తాయి, మన వానలో ఎంతవరకు పనికొస్తాయి అన్నదే ఈ వ్యాసం. ఇంటర్న్‌షిప్ స్టైపెండ్‌లోంచి మూడు వేలు పక్కన పెట్టి, నాన్నకి తేలికపాటి జాకెట్ ఒకటి కొందామని నెల రోజులు దీని వెంట పడ్డాను. జూన్ రాగానే మన హాస్టల్లో కూడా అందరూ అడిగేది ఇదే కాబట్టి, తెలుసుకున్నదంతా ఒకచోట పెడుతున్నా.

ఎవరికి అన్నది తేలితే గానీ ఏ జాకెట్ అన్నది తేలదు. మాది తణుకు దగ్గర. నాన్న పేపర్ ఏజెంట్. తెల్లవారుజామున నాలుగున్నరకి బండి తీస్తే ఏడింటిదాకా తిరుగుడే. వీధి వీధికీ ఆగాలి, దిగాలి, అపార్ట్‌మెంట్ మెట్లెక్కాలి. ఆయనకున్న రెయిన్‌కోటు మందపాటి ప్లాస్టిక్‌ది. వాన చుక్క లోపలికి రాదు గానీ, ఇంటికొచ్చి విప్పితే చొక్కా పిండొచ్చు. అదంతా చెమట. పైగా బరువు, మడిస్తే బండి డిక్కీలో పట్టదు. అందుకే మబ్బు కనిపిస్తున్నా "పడితే చూద్దాంలే" అని దాన్ని ఇంట్లో వదిలేసి వెళ్తాడు. యాభై దాటిన మనిషి, తడిసి మంచాన పడితే ఆ రోజు పేపర్లు వేసేవాళ్లు ఉండరు. మడిస్తే రెండు గుప్పిళ్లలో ఇమిడే, రెండు మూడు వందల గ్రాముల జాకెట్ ఎందుకంటే ఇందుకే. అది ఎప్పుడూ డిక్కీలోనే పడి ఉంటుంది.

మిల్లీమీటర్ల సంగతి

ముందుగా ఒక మాట. "వాటర్ రెసిస్టెంట్", "వాటర్ రిపెలెంట్" అని రాసి ఉంటే అది చినుకులకే. గంటసేపు వానకి "వాటర్‌ప్రూఫ్" కావాలి.

వాటర్‌ప్రూఫ్ ఎంత అన్నది చెప్పేదే మిల్లీమీటర్ల అంకె. గుడ్డని బిగించి దాని మీద నీటి ఒత్తిడి పెంచుతూ పోతారు. ఎంత ఎత్తు నీటి స్తంభానికి సమానమైన ఒత్తిడి దగ్గర గుడ్డ కారడం మొదలవుతుందో, అదే ఆ అంక. 10,000 మి.మీ. అంటే పది మీటర్ల నీరు, సుమారు ఒక వాతావరణ పీడనమంత.

నడిచేవాడికి అంత ఎందుకు? నిజమే, అక్కర్లేదు. బండి మీద వెళ్లేవాడి లెక్క వేరు. ఇంటర్‌లో చదివిన సూత్రమే: వేగం వర్గాన్ని 2జీ తో భాగిస్తే సమానమైన నీటి ఎత్తు వస్తుంది. పెద్ద వాన చుక్క సెకనుకి ఎనిమిది, తొమ్మిది మీటర్ల వేగంతో పడుతుంది. నిలబడినవాడి మీద ఆ దెబ్బ మూడున్నర, నాలుగు మీటర్ల నీటికి సమానం. గంటకి 40 కిలోమీటర్లతో ఎదురెళ్తే రెండు వేగాలూ కలిసి ఆ లెక్క పది మీటర్ల దగ్గరికి చేరుతుంది. ఈ దెబ్బ క్షణకాలమే, గుడ్డ కూడా కాస్త వెనక్కి తగ్గుతుంది, కాబట్టి దీన్ని ల్యాబ్ అంకెతో సరిగ్గా పోల్చకూడదు. కానీ బస్సు దిగి క్లాసుకి నడిచేవాడికి 5,000 చాలినా, రోజూ బండి నడిపేవాడు 10,000 ఎందుకు చూడాలో దీంతో తెలుస్తుంది. బ్యాగు పట్టీ నొక్కే భుజాల దగ్గరా ఇదే కథ. అక్కడ ఒత్తిడి ఎక్కువ.

గ్రాముల సంగతి

రెండో అంకె చెమట గురించి. ఒక చదరపు మీటరు గుడ్డ గుండా 24 గంటల్లో ఎన్ని గ్రాముల నీటి ఆవిరి బయటికి పోతుందన్నది అది.

ఈ తిప్పలు చాలా పాతవి. 1823లో స్కాట్లాండ్‌లో చార్లెస్ మాకింతోష్ రెండు గుడ్డల మధ్య రబ్బరు పెట్టి పేటెంట్ తీసుకున్నాడు. వాన ఆగింది, చెమట లోపలే ఉండిపోయింది. మా నాన్న పాత కోటు ఆ సంతానమే. 1969లో అమెరికాలో బాబ్ గోర్ పీటీఎఫ్ఈ అనే పాలిమర్‌ని ఒక్కసారిగా లాగి చూస్తే, అది తెగకుండా సాగి లోపల సూక్ష్మరంధ్రాలు ఏర్పడ్డాయి. నీటి చుక్క దూరలేనంత చిన్నవి, ఆవిరి దూరగలిగేంత పెద్దవి. గోర్‌టెక్స్ అలా పుట్టింది. తక్కువ ధర జాకెట్లలో ఎక్కువగా ఉండేది పాలీయురేథేన్ పూత. అది కూడా ఆవిరిని కొంత వదులుతుంది.

అయితే ఆవిరి దానంతటదే బయటికి పోదు. లోపల ఆవిరి పీడనం ఎక్కువ, బయట తక్కువ ఉంటేనే కదులుతుంది. ఒంటి దగ్గర 35 డిగ్రీల్లో చెమట ఉంటే అక్కడి ఆవిరి పీడనం సుమారు 5.6 కిలోపాస్కల్స్. చలికొండ మీద 10 డిగ్రీల వానలో బయట 1.2. తేడా 4.4. అదే మన ఆగస్టు తెల్లవారుజామున 26 డిగ్రీలు, గాలిలో తేమ 95 శాతం అనుకోండి. బయట 3.2. తేడా 2.4 మాత్రమే. అంటే అదే జాకెట్‌లో చెమటని బయటికి నెట్టే బలం సగానికి కాస్త ఎక్కువే మిగిలింది. ఎక్కువ గ్రాములున్న జాకెట్‌కి రెట్టింపు ధర పెట్టినా, మన ఉక్కలో ఆ రెట్టింపు సుఖం రాదు.

అందుకని నేను ఆ డబ్బు గాలి దారుల మీద పెట్టాను. చంకల కింద జిప్పులుండే జాకెట్లు ఉంటాయి. వాన తగ్గగానే తెరిస్తే గాలి నేరుగా ఆడుతుంది. వీపు మీద మడత కింద జాలీ ఉన్నా మంచిదే. గాలి ఆడే చోటికి తేమ లెక్కలు అంతగా అడ్డు రావు.

తిరగేసి చూడండి

గుడ్డ ఎంత గట్టిదైనా సూది గుచ్చిన ప్రతిచోటా ఒక రంధ్రమే. జాకెట్‌ని తిరగేస్తే కుట్ల మీద సన్నని టేపు అతికించి కనిపించాలి. కొన్నిటికి భుజాలు, టోపీ దగ్గర మాత్రమే వేస్తారు. బండివాడికి అన్ని కుట్లకీ ఉండాలి. ముందు జిప్పు మీద గుడ్డ పట్టీ అయినా ఉండాలి, లేదా జిప్పే నీరు దూరనిది కావాలి.

గుడ్డ మందం డెనియర్‌లో చెప్తారు. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. 20 డెనియర్ జాకెట్ జేబులో పడుతుంది గానీ, రోజూ బ్యాగు పట్టీ రాపిడికి త్వరగా అరుగుతుంది. రోజువారీ వాడకానికి 40 నుంచి 70 మధ్య తీసుకుంటే కాస్త బరువు పెరిగినా మన్నుతుంది.

సైజు చూసేటప్పుడు నిటారుగా నిలబడి చూస్తే చాలదు. హ్యాండిల్ పట్టుకున్నట్టు చేతులు ముందుకి చాపాలి. అప్పుడు ముంజేయి బయటపడకూడదు, వెనక నడుము కనపడకూడదు. టోపీ హెల్మెట్‌కి అడ్డం రాకుండా మడిచి పెట్టేలా ఉండాలి, కాలరు ఎత్తుగా ఉండాలి. రంగు విషయంలో నేను అసలు రాజీపడలేదు. నలుపు, నేవీ బ్లూ చూడ్డానికి బాగుంటాయి. చీకట్లో, వానలో వెనక వచ్చే లారీవాడికి మాత్రం కనిపించవు. నాన్నకి నారింజ రంగుది, వీపు మీద మెరిసే పట్టీ ఉన్నది తీసుకున్నా. 10,000 మి.మీ., అన్ని కుట్లకీ టేపు, చంకల కింద జిప్పులు, 340 గ్రాములు. మూడు వేలకి రెండొందలు తక్కువ.

"ఏంట్రా ఇది, గొడుగు గుడ్డలా ఉంది. ఇది వాన ఆపుద్దా?" అన్నాడు నాన్న.

అందుకే షాపువాడు వాపసు తీసుకునే గడువులోనే ఇంట్లో పరీక్ష చేయాలి. లోపల లేతరంగు కాటన్ చొక్కా వేసుకుని పది నిమిషాలు షవర్ కింద నిలబడితే చాలు. మెడ, జిప్పు, భుజాల కుట్లు, ఎక్కడ కారినా చొక్కా మీద మరక చెప్పేస్తుంది. నాన్న నిలబడనంటే నేనే నిలబడ్డాను. మెడ దగ్గర కాస్త తడి తప్ప మిగతా అంతా పొడి. ప్యాంటు మాత్రం పాత ప్లాస్టిక్‌దే ఉంచమన్నాను. రోడ్డు మీది బురదనీళ్లకి అదే గట్టిది, పైగా చెమట బాధ అంతా నడుము పైనే.

కొన్నాక

కొత్త జాకెట్ మీద నీళ్లు ముత్యాల్లా జారిపోతాయి. అది పైపూత మహిమ. మురికి, సబ్బు జిడ్డు పేరుకుంటే గుడ్డ పైపొర నీళ్లు పీల్చి బరువెక్కుతుంది. లోపలి పొర ఇంకా ఆపుతూనే ఉన్నా, ఆవిరి పోయే దారి మూసుకుపోయి చెమట పడుతుంది. మనం అప్పుడు "కారిపోతోంది" అనుకుని కొత్తది కొంటాం. ముందు తక్కువ సబ్బుతో ఉతికి, బాగా జాడించి ఆరేయండి. ఫ్యాబ్రిక్ కండిషనర్ వద్దు. లేబుల్ ఒప్పుకుంటే పైన పల్చని గుడ్డ వేసి తక్కువ వేడి ఇస్త్రీ చేస్తే పూత కొంత తేరుకుంటుంది.

ఇంకొక్కటి, అన్నిటికన్నా ముఖ్యం. తడి జాకెట్‌ని సంచిలో కుక్కి డిక్కీలో వదిలేయకండి. తేమలో, వేడిలో పాలీయురేథేన్ పూత మెల్లగా విరిగి, పొట్టులా ఊడిపోతుంది. ఒకసారి ఊడితే మళ్లీ అతకదు. మా ఇంట్లో ఇప్పుడు వసారాలో దానికంటూ ఒక మేకు ఉంది. ఏడింటికి వచ్చి తగిలిస్తే సాయంత్రానికి ఆరుతుంది, రాత్రి మడిచి డిక్కీలోకి. చెప్పకుండానే నాన్న రోజూ చేస్తున్న పని ఇది. జాకెట్ నచ్చిందని ఆయన నోటితో ఇంకా అనలేదు.