కైఫియత్తు: అడిగి వ్రాసే విద్య

ప్రతి సంవత్సరం మన సంచికలో విద్యార్థులు, క్రీడాకారులు, పండితులు, నాయకులతో జరిపిన సంభాషణలు ప్రకటిస్తున్నాము. జన్మస్థలం, పొందిన పతకాలు, యువతకు సందేశం. ఈ మూడింటితోనే వాటిలో అధికభాగం ముగియడం మాకు విచారకరంగా తోస్తున్నది. ఆ వ్యక్తి చేసే పని మాత్రం ఎక్కడా కానరాదు.

అడిగి వ్రాయడం మన సీమకు కొత్త విద్య కాదు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి దత్తం చేసిన పిమ్మట, కాలిన్ మెకంజీ దొర సహాయకులు కడప ప్రాంతపు గ్రామాలలో సంచరించారు. తొలి సహాయకుడైన కావలి వెంకట బొర్రయ్య 1803లోనే మరణించగా, సోదరుడు లక్ష్మయ్య ఆ కృషిని కొనసాగించాడు. చెరువు ఎవరు త్రవ్వించారు? ఈనాము ఎవరిచ్చారు? ఏ పంటలు పండుతాయి? కరణాలు, పెద్దలు చెప్పిన సమాధానాలే కైఫియత్తులు. ఇటీవల కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం వాటిని సంపుటాలుగా వెలువరించింది.

‘కైఫియత్’ అరబ్బీ నుండి ఉర్దూలోకి వచ్చిన మాట. స్థితిగతుల వివరణ అని అర్థం. ఆ మాటే తెలుగు గ్రామ చరిత్రలకు పేరైనది. ఉభయ భాషలకు నిలయమైన మన కళాశాలకు ఇంతకంటె తగిన ఆదర్శమేమున్నది?

1820లో కడపకు వచ్చిన బ్రౌను దొర కూడా సొంత ఖర్చుతో పండితులను పోషించి, వారిని అడిగి నేర్చినవాడే. 1852 నాటి ఆయన నిఘంటువు వెనుక అట్టి సంభాషణలెన్నో ఉన్నవి.

ఒకమారు మేము ఒక విద్యార్థి క్రీడాకారుణ్ణి సందేశమడిగితే తలవంచుకున్నాడు. కర్నూలు ఎండలలో ఏ వేళ పరుగెత్తుతావని అడగగానే గంటసేపు చెప్పాడు. ప్రశ్న పనిని తాకితే మాట దానంతటదే వస్తుంది.

మా లోపం కూడ ఒకటి చెప్పుకోవాలి. ఫారసీ ఎరిగిన ఒక వృద్ధ మౌల్వీగారిని కలవాలని రెండేండ్లు వాయిదా వేశాము. మేము వెళ్ళేసరికి ఆయన లేరు. పుస్తకాల అంచులలో ఆయన వ్రాసుకున్న గుర్తులున్నవి. వాటిని విప్పి చెప్పేవారు లేరు.

కనుక విద్యార్థులారా, ఈ సెలవులలో ఒక్కరినైనా వారి పనిని గురించి అడిగి, చెప్పినది చెప్పినట్లు వ్రాసుకొని రండి. కళాశాల సంఘంవారు అందుకు కొన్ని పుటలు కేటాయింతురుగాక.