మీకు తెలుసా? చట్టం కోసం ఆగిన యంత్రం

హైదరాబాద్‌లో ‘ఈసీఐఎల్’ బోర్డు ఉన్న సిటీ బస్సు చూడని వాళ్లుండరు. 1967లో మొదలైన ఆ ప్రభుత్వరంగ సంస్థే, ఎన్నికల సంఘం అడగ్గా 1979లో ఓటింగ్ యంత్రం నమూనా తయారుచేసింది. సంస్థను నిలబెట్టిన ఎ.ఎస్.రావుది పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు. హైదరాబాద్‌లోని ఎ.ఎస్.రావు నగర్‌కి ఆ పేరు ఆయనదే.

కరెంటు లేని ఊళ్లోనూ పోలింగ్ ఆగకూడదని యంత్రానికి బ్యాటరీ పెట్టారు. అధికారి తన దగ్గరి మీట నొక్కితేనే ఒక్క ఓటుకు దారి తెరుచుకుంటుంది. ఓటరు నీలం బటన్ నొక్కగానే పక్కన ఎర్రదీపం వెలిగి, బీప్‌మంటుంది.

1982లో కేరళలోని పరవూరులో 50 పోలింగ్ కేంద్రాల్లో దీన్ని తొలిసారి వాడారు. 1984లో సుప్రీంకోర్టు ఆ ఓటింగ్ చెల్లదంది, ఆ కేంద్రాల్లో రీపోలింగ్ పెట్టమంది. తప్పు యంత్రానిది కాదు, చట్టంలో దాని ఊసే లేదు! నన్నడిగితే ఈ కథలో అన్నిటికన్నా విలువైన ఘట్టం ఇదే. 1988 డిసెంబరులో పార్లమెంటు చట్టం సవరించింది. 2004 లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతా ఈ యంత్రం మీదే ఓటేసింది.