వంగిన వెలుగులో తారల చిరునామా

నక్షత్రాల స్థానాలను, దూరాలను, కదలికలను కొలిచే శాస్త్రం ఆస్ట్రోమెట్రీ. డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్‌సెకను. అందులో పది లక్షల్లో ఒక వంతు మైక్రో ఆర్క్‌సెకను. 2013 డిసెంబరు 19న ఐరోపా అంతరిక్ష సంస్థ ప్రయోగించిన గయా ఉపగ్రహం, ప్రకాశవంతమైన తారల స్థానాలను కొన్ని పదుల మైక్రో ఆర్క్‌సెకన్ల తేడాతో కొలిచింది.

ఇంత సూక్ష్మతకు న్యూటన్ సూత్రాలు చాలవు. సూర్యుడి అంచును రాసుకుంటూ వచ్చే కాంతి 1.75 ఆర్క్‌సెకన్లు వంగుతుందని ఐన్‌స్టీన్ లెక్కగట్టగా, 1919 గ్రహణ పరిశీలనలు ఆ మాటను బలపరిచాయి. అసలు విశేషం వేరే ఉంది. సూర్యుడికి 90 డిగ్రీల ఎడంలో ఉన్న తార కూడా సుమారు 4,000 మైక్రో ఆర్క్‌సెకన్లు పక్కకు జరిగి కనిపిస్తుంది. గయా దృష్టిలో ఇది చాలా పెద్ద తేడా! గురుగ్రహం అంచున వంపు దాదాపు 16,000 మైక్రో ఆర్క్‌సెకన్లు. ఆ గ్రహం ధ్రువాల దగ్గర కాస్త నొక్కినట్టు ఉండటం వల్ల వచ్చే మార్పునూ లెక్కలో చేర్చాలి. ఉపగ్రహం వేగం వల్ల కూడా తార జరిగినట్టు కనిపించడం మరో చిక్కు. ఒక్క మైక్రో ఆర్క్‌సెకను కచ్చితత్వం కావాలంటే ఆ వేగం సెకనుకు 1.5 మిల్లీమీటర్లలోపు తేడాతో తెలియాలి.

వీటన్నింటినీ సాపేక్షతా సిద్ధాంతంతో ఒకే గణిత నమూనాలోకి తేవడం పీహెచ్‌డీ స్థాయి పరిశోధనకు తగిన సవాలు. డ్రెస్డెన్‌లో సెర్గీ క్లియోనర్ రూపొందించిన గ్రెమ్, ఇటలీలోని ట్యూరిన్ పరిశోధకుల రామోడ్ ఇలాంటి నమూనాల్లో ముఖ్యమైనవి. వేర్వేరు దారుల్లో సాగే ఈ రెండింటినీ సరిపోల్చడం ఎంతో అవసరం; నమూనాలోని లోపం తారల దూరాల్లోకి చొరబడితే పట్టుకోవడం కష్టం. గయా 2025 జనవరిలో పరిశీలనలు ముగించినా, దాని డేటా విశ్లేషణ కొనసాగుతోంది.