సంచి మీది భీముడు

జూన్ మాసము వచ్చినదనగా బషీర్‌బాగ్ నుండి అబిడ్సు వరకు గల దారిలో బడిసంచుల బేరములు మొదలగును. మొన్న వేసవి చివర మేమును ఆరేండ్ల బాలు నొకనిని వెంటబెట్టుకొని ఒక దుకాణము మెట్లెక్కితిమి. ఎదుట రెండు సంచులు. గుడ్డ ఒకటే, కుట్టు ఒకటే, అరలును సమానమే. ఒకటి వట్టి నీలిరంగుది. రెండవదానిపై నారింజరంగు ధోవతి కట్టిన ఛోటా భీమ్ పిడికిలి బిగించి నిలిచియున్నాడు. రెండవదాని వెల నూరు రూపాయలు ఎక్కువ. బాలుడు మొదటిదాని వంక చూడనైన లేదు. ఆ నూరు రూపాయలు దేనికని అడిగితిమి. "బొమ్మకు సార్" అని దుకాణదారు ముక్తసరిగా జవాబిచ్చెను.

ఆ జవాబు సత్యమే కాని సమగ్రము కాదు. బొమ్మకు డబ్బెందుకు, అది ఎవరికి చేరును, అన్నవి తెలిసికొనదగిన సంగతులు.

ఈ భీముడు మన నగరమున పుట్టినవాడే. రాజీవ్ చిలక గారు 2001లో హైదరాబాదున స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ వీనిని సృష్టించెను. 2008లో పోగో అను పిల్లల టెలివిజన్ చానెలులో ఢోలక్‌పూర్ కథలు ప్రసారము కాసాగెను. 2012లో వెండితెర మీదికిని, 2019లో 'మైటీ లిటిల్ భీమ్' అను శిశురూపమున నెట్‌ఫ్లిక్సు ద్వారా దేశాంతరములకును ఈ బాలుడు పోయెను. అంతతో ఆగక సంచులు, నీళ్ల సీసాలు, పెన్సిలు పెట్టెలు, చొక్కాలు, పుట్టినరోజు టోపీల మీదికిని ఎక్కెను. ఆ సరకు అమ్ముటకు సంస్థవారు తమ పేరనే దుకాణములు సైతము తెరచిరి.

భీముడు మహాభారతములోని వాడు గదా, అందరి సొత్తు గదా, వానికి వెల కట్టుట యేమి అని కొందరు శ్రోతలకు తోచవచ్చును. మంచి ప్రశ్నయే. గద పట్టిన భీమసేనుని ఎవరైనను గీయవచ్చును, ఎవరైనను అమ్మవచ్చును. దానికి వ్యాసునకు గాని మరెవ్వరికి గాని రుసుము చెల్లింపనక్కరలేదు. కాని లడ్డూ తిన్నంతనే బలము పుంజుకొను ఈ గుండ్రని మొగపు పిల్లవాడు, వాని ధోవతి రంగు, వాని ప్రక్కన ఛుట్కీ, రాజు, జగ్గు అను కోతి — ఈ గీతలు ఒక సంస్థలోని చిత్రకారుల పని. 1957 నాటి కాపీరైటు చట్టము ఆ గీతలను కాపాడును. ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించిన పేరును, రూపమును 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టము కాపాడును. కాపీరైటునకు గడువు కలదు. మార్కును ఎప్పటికప్పుడు పునరుద్ధరించుకొనవచ్చును. 1928 నాటి మిక్కీ మౌస్ తొలి రూపము 2024 జనవరి 1న అమెరికాలో అందరి సొత్తైనను, మిక్కీని తమ వాణిజ్య చిహ్నముగా డిస్నీవారు ఇప్పటికిని వదలుకొనలేదు.

ఇక డబ్బు లెక్క. సంచులు కుట్టు వర్తకుడు బొమ్మ యజమానితో ఒప్పందము చేసికొనును. ఏ వస్తువు మీద, ఏ ప్రాంతమున, ఎన్ని సంవత్సరములు అను షరతులందు వ్రాయబడును. కనీసపు మొత్తము హామీగా నుండును. ఆపైన అమ్మిన ప్రతి సంచికిని టోకు ధరలో నూటికింత చొప్పున చెల్లింపవలెను. ఉదాహరణకు టోకు ధర 300 రూపాయలు, వంతు నూటికి 8 అనుకొందము. సంచి ఒక్కింటికి 24 రూపాయలు బొమ్మ యజమానికి పోవును. మరి నూరు రూపాయలెట్లయినది? ముద్రణ ఖర్చు, నడిమి వర్తకుల లాభము, పన్ను కొంత. పిల్లవాడు ఆ సంచిని వదలడని దుకాణదారునకు గల నమ్మకము కొంత. ఈ చివరిదే పెద్దదని మా అనుమానము.

ఈ పద్ధతి క్రొత్తది కాదు. 1929 ప్రాంతమున న్యూయార్కు హోటలులో ఒకడు వెంటపడి 300 డాలర్లు చేత పెట్టగా, వ్రాతపలకలపై మిక్కీ బొమ్మకు అనుమతి నిచ్చితినని వాల్ట్ డిస్నీ చెప్పుచుండెడివాడట. 1932లో కే కేమెన్ అను వ్యాపారి ఈ పనిని డిస్నీ తరపున చేపట్టెను. మరుసటి యేట వచ్చిన ఇంగర్సాల్ మిక్కీ గడియారము, ఆర్థిక మాంద్యమున చిక్కిన ఆ గడియారముల కంపెనీని గట్టెక్కించెను. జపానులో ఒసాము తెజుకా 1963లో 'ఆస్ట్రో బాయ్' భాగములను తయారీ ఖర్చు కన్న తక్కువకే టెలివిజన్ వారికి ఇచ్చెను. లోటు పూడ్చినవి బొమ్మ హక్కులు. పోషకులైన మెయిజీ మిఠాయి కంపెనీవారి చాక్లెట్టు గొట్టములలోని అంటింపు బొమ్మల కొరకు పిల్లలు ఎగబడిరి. యానిమేషన్ మిక్కిలి ఖర్చుతో కూడిన పని. ప్రసార రుసుము ఒక్కటే చాలదు. సంచి మీది వంతు రాకున్న హైదరాబాదులో బల్లల ముందు కూర్చుండి గీయు యువతీయువకులకు జీతము దొరకుట కష్టము. కాలిబాట మీది నకలు సంచి చవుకయే గాని, దాని వలన వారికి పైసాయు ముట్టదు.

ఇంతవరకు మాకు పేచీ లేదు. తిండి దగ్గరనే మనసు కుదుటపడదు. ఎనిమిదేండ్లు నిండని పిల్లలకు ప్రకటన తమను ఒప్పించుటకు వచ్చినదని తెలియదని అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుల సంఘము 2004లో నివేదించెను. వారికి సంచి మీది భీముడు అంగడివాడు కాడు, స్నేహితుడు. ఆ స్నేహితుడే వేపుడు చిరుతిండి పొట్లము మీద నిలిచి చేయి చాచినచో తల్లి మాట చెవి కెక్కునా? ఒకప్పుడు అమెరికాలో 'ఫ్లింట్‌స్టోన్స్' బొమ్మలచేతనే సిగరెట్లు త్రాగించి ప్రకటనలు చూపిరి. 1991లో వెలువడిన పరిశోధన ప్రకారము ఆరేండ్ల పిల్లలు మిక్కీ మౌస్‌ను గుర్తుపట్టినంత సులువుగను ఒక సిగరెట్టు ఒంటె బొమ్మను గుర్తుపట్టుచుండిరి.

చిలీ దేశము 2016 నుండి చక్కెర, ఉప్పు, క్రొవ్వు మితిమీరిన ఆహారపు పొట్లముల మీద పిల్లల నాకర్షించు బొమ్మలను నిషేధించినది. మన దేశమున 2020 నాటి నియమములు బడి ద్వారమునకు 50 మీటర్ల లోపల అట్టి తిండి అమ్మకమును, ప్రకటనను వలదన్నవి. 2022 నాటి మార్గదర్శక సూత్రములు పిల్లల కార్యక్రమముల నడుమ చిప్సు, గ్యాసు పానీయముల ప్రకటనలు కూడదన్నవి. కాని ఆ వాక్యము ప్రసారమును గూర్చినది. అంగడి తాటికి వ్రేలాడు పొట్లమును గూర్చినది కాదు.

ఈ విషయమున రేడియో కొంత నిరపరాధి. 1967 నవంబరు 1న వివిధభారతిలో ప్రకటనలు మొదలైనప్పటి నుండి మేమును అమ్మకపుమాటలు వినిపించుచునే యున్నాము. బొమ్మ చూపలేకపోవుట మాత్రము మా గొప్పతనము కాదు.

ఆ దినమున బాలుడే గెలిచెను. డబ్బిచ్చుచు దుకాణదారుని మరొక మాట అడిగితిమి. ఒప్పందపు గడువు తీరిన పిదప మిగిలిన సరకును కొన్ని నెలలలో వదిలించుకొనవలెనట. అప్పుడు భీముని సంచి నీలి సంచి వెలకే దొరకునట. ఎప్పుడని అడిగితిమి. బడులు తెరచిన తరువాత రమ్మనెను.